సోయికూర లేకుండా

పేరుకే పాలబారు.
ఇక్కడ పాలకంటే బీట్‌రూట్ పులుసే ఎక్కువ కాగుతుంది.
పోలండులో, వూచ్ నగరంలో, మూతబడ్డ నేతమిల్లు ఎదుట
ముప్పై ఒక్క ఏళ్లుగా
ఈ గరిటె నా చేతికి ఆరో వేలు.

ఇష్టాలదేముంది,
ట్రాములో పక్క సీటువాడికి కూడా చెప్పుకుంటారు.
అయిష్టాలు మాత్రం
వడ్డించే చేతికే చెప్తారు,
అదీ గొంతు తగ్గించి.

అలా ఊళ్లో సగం మంది గుట్టు నా దగ్గరుంది.

పోస్టాఫీసు క్రిస్పిన్‌కి పందికాళ్ల జెల్లీ పడదు.
"నాకంటే ముందు అదే వణుకుతోంది చూడు" అంటాడు.
పొట్టపేగుల పులుసంటే
మిల్లులో పనిచేసిన ముసలమ్మలు లొట్టలేస్తారు.
వాళ్ల కోడళ్లు మాత్రం
తడి తువ్వాలు నమిలినట్టుందని గిన్నె వెనక్కి నెడతారు.
ఇద్దరి మాటా నిజమే.
బతుకంతా తువ్వాళ్లు నేసినవాళ్లకి
తువ్వాలంటే రోత ఎందుకుంటుంది?

ఓల్గెర్డ్ అని ఏడేళ్ల బుడతడు.
దుంపముద్దకి పుల్లక్యాబేజీ నీరు తగిలిందా,
ఆ పూటకి వాడి భోజనం అయిపోయినట్టే.
అందుకని మధ్యలో రొట్టెముక్కతో గట్టు వేస్తాను.
"మరీ గారాబం చేస్తున్నావు" అంటుంది వాళ్లమ్మ.
గారాబం కాదమ్మా, సరిహద్దు.
ఈ దేశానికి బాగా తెలిసిన మాటే.

బట్టలకొట్టు థువాన్ వియత్నాం మనిషి.
మా పుల్లమీగడ చూస్తేనే అతనికి కడుపులో తిప్పుతుంది.
ఒకరోజు జేబులోంచి చేపనీళ్ల సీసా తీసి
నా క్యాబేజీ సూపులో రెండు చుక్కలు వేసుకున్నాడు.
తిట్టాను.
అతను వెళ్లాక అడుగున మిగిలింది నాకి చూశాను.
ఇప్పుడు అలాంటి సీసా ఒకటి
ఉప్పుడబ్బా వెనక ఉంది. మీలోనే ఉంచుకోండి.

నా సంగతా?
పాలమీది తరక.
పసిపిల్లల బడిలో ఆయా ముక్కుమూసి తాగించిన గోరువెచ్చని కప్పు,
పై పెదవికి అతుక్కుని
లోపలికీ పోని, బయటికీ రాని ఆ తడి గుడ్డ.
యాభై ఎనిమిదేళ్లొచ్చాయి, వంటమనిషినయ్యాను,
ఇప్పటికీ తరక తీసేటప్పుడు
మొహం పక్కకి తిప్పుకుంటాను.

ఇక సెవెరిన్. ట్రాము నడిపేవాడు.
ఇరవై రెండేళ్లు, ప్రతి మంగళవారం, పన్నెండున్నరకి.
"ఉడికించిన దుంపలు, గ్లాసు మజ్జిగ.
సోయికూర లేకుండా."
ఆ చివరి మాట మాత్రం
చర్చిలో తప్పు ఒప్పుకున్నట్టు మెల్లగా.
ఎప్పుడైనా పొరపాటున ఒక పచ్చపోగు పడితే
గోటితో తీసి పళ్లెం అంచున అంటించేవాడు.
గొంతులో వెంట్రుక ఉన్నట్టుంటుందట.

ఫిబ్రవరి నుంచి రాలేదు.

జూన్‌లో, కొత్త దుంపలు దిగిన వారం,
నల్ల చేతిసంచితో ఒకావిడ వచ్చింది.
"నా పేరు తెయోఫిలా. సెవెరిన్ భార్యని.
ఆయన ఇక్కడ ఏం తినేవాడో అదే పెట్టు.
సోయికూర దండిగా వెయ్యి,
అదంటే ఆయనకి ప్రాణం.
వంటింటి కిటికీలో తొట్టె పెట్టి
నలభై ఏళ్లు పెంచాను.
ఏనాడూ ఒక్క పోగు మిగల్చలేదు పళ్లెంలో."

చెక్కమీద కత్తి ఆగింది.
నాలుక చివరిదాకా వచ్చింది ఒక మాట.
మింగేశాను,
తరక మింగినట్టు.
కట్ట విప్పి తరిగాను. దండిగానే.

ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది.
సంచి ఒళ్లోనే పెట్టుకుంది.
రెండు ముద్దలు తింది.
అటూ ఇటూ చూసి
ఫోర్కు కింద పెట్టి
పచ్చపోగులు ఒక్కొక్కటే
గోటితో తీసి
పళ్లెం అంచున అంటించసాగింది.

పాలు పొంగుతున్నాయంటూ
నేను గబుక్కున అటు తిరిగాను.
పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.